టిక్కెట్టు మీది పులి

టిక్కెట్టుకు కూడా విమర్శ అవసరమా అని కొందరు మిత్రులు అడగవచ్చు. అరచేయంత అట్టముక్కే అయినా దాని మీద బొమ్మ వుంది, మాట వుంది, ధర వుంది. యీ మూడూ వున్నచోట వొక దృక్పథం కూడా వుండి తీరుతుంది. పైగా ప్రదర్శన చూడనివారి చేతుల్లోకి కూడా వెళ్ళేది టిక్కెట్టే. కనుక దానిని పరీక్షించడం వృథాప్రయాస కాదు.

యిటీవల మా పట్టణంలో వొక సేవాసంస్థ, అంతరించిపోతున్న జంతువులను గురించి చిత్రప్రదర్శన జరిపింది. వసూలైన సొమ్ము వన్యప్రాణుల రక్షణకు యిస్తామన్నది. ఉద్దేశం మంచిదే. టిక్కెట్లు మూడు తరగతులు. 500 రూపాయల టిక్కెట్టుకు బంగారు అంచు, నిండుగా పులి ముఖం. 100 రూపాయల దాని మీద అదే పులి, వొకే రంగులో. విద్యార్థుల 20 రూపాయల టిక్కెట్టు మీద పులి కూడా లేదు, వట్టి అక్షరాలు. మూడింటికీ వెనుకవైపు వొకటే నీడబొమ్మ: గోచీ పెట్టుకొని గొడ్డలి పట్టిన మనిషి. దాని కింద, అంతరించిపోతున్న మూగజీవులను ఆదుకొనండి అని వొక వాక్యం.

ముందుగా మాట సంగతి చూద్దాం. 'అంతరించు' అకర్మక క్రియ. ఆకు రాలినట్టు, పొద్దు వాలినట్టు జంతువులు తమంత తామే పోతున్నాయన్న భావం అందులో వుంది. అంతం చేసినవాడికి ఆ వాక్యంలో చోటు లేదు. వ్యాకరణం వదిలిన ఆ ఖాళీలో బొమ్మ వేసినవారు గొడ్డలి మనిషిని నిలబెట్టారు. అడవిని గనులకు గుత్తకిచ్చినవాడు, దంతాలూ చర్మాలూ కొని గోడకు తగిలించుకున్నవాడు యెక్కడా కనపడరు. కట్టెలు కొట్టి కడుపు నింపుకొనేవాడు మాత్రం ముద్దాయి అయినాడు.

యిది మనకు కొత్త కాదు. ఆదికావ్యం పుట్టుక కథలోనే క్రౌంచపక్షి చావు వున్నది. కరుణ శ్లోకమయింది, వేటగాడికి శాపం దక్కింది. ఆ కరుణ గొప్పదే, కాదనను. కాని ఆ పూట అతని యింట్లో పొయ్యి వెలిగిందా అన్న ప్రశ్న మన కావ్యచర్చల్లో యెంత అరుదు!

యీ ప్రశ్నకు జవాబు చెప్పగల పిట్ట వొకటి మన నేల మీదనే వున్నది. కడప జిల్లా లంకమల కింది ముళ్ళపొదల్లో తిరిగే కలివికోడి. 1848లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. 1900 తరువాత యెనభై ఆరేళ్ళు అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో అది మళ్ళీ దొరికింది. యెవరివల్ల? రాత్రివేళ ఆ పొదల్లో తిరిగే స్థానిక వేటగాడివల్ల. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారు వెతుకుతున్న పిట్టను వారికి చూపినది, టిక్కెట్టు వెనుక ముద్దాయిగా నిలబడిన మనిషి వంటివాడే. 1988లో తపాలాశాఖ ఆ పిట్ట బొమ్మతో స్టాంపు వేసింది. టిక్కెట్టు కన్నా చిన్నదైన ఆ కాగితం మీద కలివికోడికి చోటు దొరికింది!

అది 'మూగజీవి' కూడా కాదు. చీకటివేళ అది వేసే కూత ఆధారంగానే పరిశోధకులు దాని ఉనికిని వెతుకుతారు. మూగ అనడం మనకు వినిపించలేదని చెప్పడమే.

మా కళాశాల విద్యార్థి వొకడు యీ ప్రదర్శన టిక్కెట్టుకు కలివికోడి బొమ్మనే వేసి యిచ్చాడు. పొదనీడలో నిలబడి, రొమ్ముమీద రెండు పట్టీలతో, చక్కగా వేశాడు. నిర్వాహకులు తిప్పిపంపారు. "యీ కోడిని చూసి టిక్కెట్టు యెవరు కొంటారు?" అన్నారట. యీ ప్రశ్నను నవ్వి తోసెయ్యకూడదు. ధర్మకార్యానికి డబ్బు కావాలి. 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధికి పాండా గుర్తు గీసిన పీటర్ స్కాట్ కూడా జనానికి ముద్దు వచ్చే జంతువునే యెన్నుకున్నాడు, అచ్చు ఖర్చు తగ్గేటట్టు నలుపు తెలుపుల్లోనే గీశాడు. అవసరం రూపాన్ని నిర్ణయించడం తప్పు కాదు.

అయితే కొనేవాడి ముచ్చటే వస్తువును కూడా నిర్ణయించాలా? 1983లో అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హాల్ ఆపదలో వున్న పది జంతువుల బొమ్మలు అచ్చువేశాడు. మార్కెట్టు తెలియని అమాయకుడు కాడాయన. అయినా వొక కప్పనూ వొక సీతాకోకచిలుకనూ పులికీ యేనుగుకూ యిచ్చినంత చదరంలోనే నిలబెట్టాడు. ఆ చిత్రాలు ధనికుల గోడలెక్కడం వేరే సంగతి. చిన్న ప్రాణికి పెద్ద చోటు యిస్తే బొమ్మ అమ్ముడుపోదన్న వాదం మాత్రం నిలవదు.

పులిని కాపాడితే అడవి అంతా బతుకుతుందని మరొక వాదం. 1973 నుంచి సాగుతున్న పులుల పథకం వల్ల యెన్నో అడవులు నిలిచిన మాట నిజం. కాని కలివికోడి వుండేది పులి తిరిగే మహారణ్యంలో కాదు. మనం పనికిరాని తుప్పలని పిలిచే నేల మీద. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ తుప్పల్లోకి వచ్చాయి. నీళ్ళు వద్దని రాయలసీమలో పుట్టినవాడెవడూ అనడు, నేనూ అనను. తగాదా న్యాయస్థానందాకా వెళ్ళి, చివరకు కాలువ దారి మార్చారు. నీరూ పిట్టా రెండూ బతికే దారి వుంటుందన్నమాట. ఆ దారిని ముందే వెతకమని అడిగేవారు యెందరున్నారన్నదే సమస్య. ప్రజల్లో ఆ అడిగే గొంతును పెంచడం ప్రదర్శన పని, టిక్కెట్టు పని.

కాబట్టి బొమ్మలు వేసే విద్యార్థులకు నా సూచన యిది. ధరలు మూడు పెట్టండి, వున్నవారి దగ్గర యెక్కువ తీసుకోవడం న్యాయమే. బొమ్మ మాత్రం అందరికీ వొకటే వెయ్యండి. మన జిల్లాలో మన కంటి ముందు పోతున్న ప్రాణిని వెయ్యండి. దాని పేరు ఆ వూరివారు పిలిచే పేరుతో రాయండి. వెనుకవైపు గొడ్డలి మనిషిని చెరిపి, ఆ ప్రాణి నేల యెవరి చేతుల్లోకి పోతున్నదో రెండు వాక్యాల్లో చెప్పండి. అట్లా రాస్తే 500 రూపాయల టిక్కెట్లు కొన్ని మిగిలిపోవచ్చు. 20 రూపాయల టిక్కెట్టు కొన్న పిల్లవాడు దానిని పారేయక పుస్తకంలో పెట్టుకుంటాడు.