కనపడని చోట పెట్టిన ఖర్చు

కంప్యూటర్ కొనడానికి ముందు మా మేనల్లుడు పెరట్లో గొయ్యి తవ్వించాడు.

ఎర్తింగు కోసం. తునిలో మా చెల్లెలి వాళ్లది పాత ఇల్లు. గోడల్లో మూడు కన్నాల ప్లగ్గులున్నాయి గానీ, పైనున్న పెద్ద కన్నం వెనక వైరే లేదు. తడి కాళ్లతో ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడేది. చెప్పులేసుకుని తలుపు తీయడం ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. గేమ్స్ ఆడే సిస్టమ్ కావాలని రెండేళ్లుగా పోరుతున్న కుర్రాడు, తండ్రి ఊఁ అన్న రోజున చేసిన మొదటి పని ఎలక్ట్రీషియన్‌ని పిలవడం. గోతిలో జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. అక్కణ్నుంచి మెయిన్ బోర్డు దాకా, బోర్డు నుంచి తన గదిలో ప్లగ్గు దాకా ఆకుపచ్చ వైరు.

"ముందు ఇదెందుకురా?" అన్నాను.

"ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి కదా మావయ్యా. ఎర్త్ లేకపోతే వాటి లీకేజీ అంతా క్యాబినెట్ బాడీ మీదికే వస్తుందండి."

ముప్పై ఏళ్లు టీవీలు రిపేరు చేసినవాణ్ణి, నాకు తెలియని సంగతి కాదు. బీకాం చదివే పిల్లాడికి అది తెలిసి ఉండటం, తెలిసి ఊరుకోకపోవడం నచ్చింది. ఆ రోజు నుంచి వాడు ఈ సిస్టమ్‌కి సామాను ఎంచుకున్న తీరూ బిగించిన తీరూ దగ్గరుండి చూశాను.

ఇది 2023 నాటి మాట. చేతిలో ఉన్నది యాభై వేలు, పైన రూపాయి రాదు. అంత డబ్బు చేతిలో పడితే ఎవరైనా ముందు గ్రాఫిక్స్ కార్డు పేరెత్తుతారు. వీడు నోట్‌బుక్ తెరిచి మొదటి పేజీలో రాసుకున్నది మానిటర్ సంగతి. అది కొత్తది కాదు, వాళ్ల బాబాయి ఇచ్చిన పాత మానిటర్. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అంటే తెర మీద 20 లక్షల 73 వేల 600 చుక్కలు. ఆ తెర సెకనుకు 60 బొమ్మలు మాత్రమే చూపించగలదు. ఒక్కో బొమ్మ తయారుకావడానికి ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లు. ఆ గడువులో అన్ని చుక్కలకూ రంగు వేయగలిగిన కార్డు కావాలి. అంతకన్నా పెద్దది కొంటే, తెర చూపించలేని బొమ్మలకు డబ్బు కట్టినట్టే. కొలత తీసుకున్నాకే గుడ్డ కొనే దర్జీ పద్ధతి ఇది. నాకు తెలిసి చాలామంది తలకిందులుగా మొదలుపెట్టి, చివర మానిటర్ దగ్గర తెల్లబోతారు.

కార్డు కోసం నెల రోజులు ఆలోచించాడు. అప్పుడు బజారులో సెకండ్ హ్యాండ్ కార్డులు కుప్పలుగా ఉన్నాయి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో, దాన్ని కార్డుల మీద తవ్వుకునేవాళ్లందరికీ ఒక్కసారిగా పని పోయింది. ఆ కార్డులన్నీ అమ్మకానికొచ్చాయి. సగం ధరే. వీడు వాటి జోలికి పోలేదు. పగలూ రాత్రీ కాలిన మెమరీ, అరిగిన ఫ్యాన్లు, వారంటీ ఉండదు. మా వీధిలో పాత లారీ ఇంజన్లు కొని దెబ్బతిన్నవాళ్లని చూసినవాణ్ణి గనక నేనూ సరే అన్నాను.

కొత్తవాటిలో చవక కార్డు ఒకటుంది, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. మెమరీ 4 జీబీ. అది మదర్‌బోర్డుతో మాట్లాడే పీసీఐఈ దారులు నాలుగే. పీసీఐఈ నాలుగో తరం బోర్డు మీదైతే ఆ నాలుగూ సరిపోతాయి, మూడో తరం బోర్డు మీద ఆ దారుల వేగం సగానికి పడిపోతుంది. చవక కార్డు కొనేవాడి దగ్గర ఉండేది చవక బోర్డే కదా, అక్కడే దెబ్బ. ఇది చెప్పడానికి వాడు వాడిన మాట 'తూము'. తాండవ కాలువ కింద సేద్యం చేసిన ఇల్లు వాళ్లది. చెరువు ఎంత నిండుగా ఉన్నా మడికి చేరేది తూము పట్టినంత నీరే. 4 జీబీ నిండిపోతే బొమ్మలకు కావలసిన సరుకు ర్యామ్‌లోంచి రావాలి, వచ్చే తూమేమో ఇరుకు. ఆట మధ్యలో తెర ఉలిక్కిపడి ఆగేది అందుకే. చివరికి తీసుకున్నది ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ మెమరీ, ఎనిమిది దారులు, తినే కరెంటు 132 వాట్లు. దానికి ఇంచుమించు ఇరవై వేలయింది. అంటే మొత్తం డబ్బులో ఐదింట రెండు వంతులు ఒక్క కార్డుకే. గేమ్స్ సిస్టమ్‌కి అదే సరైన పాలు అని నా అభిప్రాయం కూడా.

ప్రాసెసర్ దగ్గర రెండు పేర్ల మధ్య తేడా ఒక్క అక్షరం. రైజెన్ 5 5600, రైజెన్ 5 5600జీ. రెండిటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. జీ ఉన్నదాంట్లో బొమ్మలు గీసే భాగం లోపలే ఉంటుంది, కార్డు లేకుండానే తెర వెలుగుతుంది. కార్డు తర్వాత కొనుక్కుందాం అనుకునేవాడికి అది బంగారం. కానీ ఆ భాగానికి చోటివ్వడానికి క్యాషే తగ్గించారు, అందులో 16 ఎంబీ, జీ లేనిదాంట్లో 32. క్యాషే అంటే వంటగట్టు మీది పోపుల డబ్బా, ర్యామ్ అంటే కొట్టుగది. ప్రతి చిటికెడుకీ కొట్టుగదికి పరుగెత్తే వంట ఎంతసేపు పడుతుందో ఆలోచించండి. గేమ్స్ చేసే లెక్కలు చిటికెడు చిటికెడుగా, లక్షల సార్లు అడిగే రకం. కార్డు ఎలాగూ మొదటి రోజే కొంటున్నాడు గనక జీ లేనిదే తీసుకున్నాడు. దాన్ని చేసే ఏఎండీ కంపెనీకి హైదరాబాదులో డిజైన్ కేంద్రం ఉందని వాడే చెప్పాడు, సొంతూరి వస్తువు గురించి చెప్పినట్టు.

బోర్డు బీ450. అది 2018లో వచ్చిన రకం, ప్రాసెసరేమో 2022లో వచ్చింది. పాత స్టాకు బోర్డయితే లోపలి బయోస్‌కి ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు, తెర నల్లగానే ఉంటుంది. అందుకే పెట్టె మీద 'రైజెన్ 5000 రెడీ' స్టిక్కర్ ఉందో లేదో ఫోటో తీసి పంపమని కొట్టువాణ్ని అడిగి మరీ మాట్లాడుకున్నాడు. ర్యామ్ 16 జీబీ, ఒకే కర్రగా కాకుండా ఎనిమిదేసి రెండు. రెండు కర్రలుంటే రెండు తూములు తెరుచుకుంటాయి, ధర ఇంచుమించు అంతే.

సిస్టమ్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం నన్ను పిలిచాడు. నాకు తెలిసిన విద్య అదొక్కటే అని వాడికి తెలుసు.

క్యాబినెట్‌తో పాటు ఊరికే ఇచ్చే ఎస్ఎంపీఎస్ ఒకటి మా కొట్టులో పడుంది. దాని పెట్టె మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉంది. వాడు పెట్టె చూడలేదు, పక్కన అంటించిన లేబుల్ చూశాడు. 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192. ప్రాసెసరూ కార్డూ తినేదంతా ఆ 12 వోల్టుల లైన్లోంచే. ఈ సిస్టమ్ ఆట మంచి ఊపులో ఉన్నప్పుడు 250 వాట్ల దాకా లాగుతుంది. 450 అని రాసినవాడు 192 ఇస్తున్నాడన్నమాట. తర్వాత చేత్తో ఎత్తి చూశాడు. తేలిగ్గా ఉంది. మూత విప్పి నేనే చూపించాను. కరెంటు లోపలికి వచ్చేచోట ఫిల్టర్ కాయిల్ పెట్టాల్సిన జాగాలో కాయిల్ లేదు, రెండు తీగ ముక్కలు అతికారు. బోర్డు మీద గుర్తు మాత్రం కాయిల్‌దే. అలాంటి పని చూస్తే నాకు కడుపు మండుతుంది.

వాడు కొన్నది 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, నాలుగు వేలు పెట్టి. 12 వోల్టుల గడిలో 43 ఆంపియర్లు, అంటే 516 వాట్లు. సగం బరువు మోస్తున్నప్పుడు లోపలికి తీసుకున్న కరెంటులో ఇంచుమించు 85 శాతం పనికొస్తుంది, మిగతాదే వేడి. వీడి సిస్టమ్ దాదాపు ఆ సగం దగ్గరే నడుస్తుంది. ఇక పెద్ద కెపాసిటర్ 105 డిగ్రీల రకం. 85 డిగ్రీల రకం కూడా పనిచేస్తుంది, కానీ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి పది డిగ్రీల చల్లదనానికీ రెట్టింపవుతుంది. మే నెలలో తుని ఎండ తెలిసినవాడికి ఆ తేడా విలువ చెప్పక్కర్లేదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఒక్కో ఊపు 20 మిల్లీసెకన్లు. లైట్లు ఒక్కసారి రెప్పవాల్చి తెరిచినప్పుడు సిస్టమ్ ఆగిపోకుండా నిలబెట్టేది ఆ కెపాసిటర్ దాచుకున్న నిల్వే. అది ఆ కాస్తసేపు ఓర్చుకుంటే ఈలోగా యూపీఎస్ అందుకుంటుంది. ఇవేవీ ఆటలో ఒక్క బొమ్మ కూడా పెంచవు. రంగుల లైట్ల ఫ్యాన్లు మానుకుని ఆ డబ్బు ఇక్కడ పెట్టాడు.

సామాను కోసం సికిందరాబాదు వెళ్లాడు. పార్క్ లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, సీటీసీ అంటే కంప్యూటర్ సామాను కొనేవాళ్లందరికీ తెలుసు. ఒక కొట్టులో రెండు ర్యామ్ కర్రలు అని బిల్లు వేసి ఒకే 16 జీబీ కర్ర సంచిలో పెట్టారు. వాడు కౌంటరు దాటకుండానే సంచి విప్పి, బిల్లుతో పోల్చి, మార్పించుకున్నాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మదర్‌బోర్డు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని తెల్లవారకముందే తునిలో దిగాడు.

బిగించడం ఆదివారం. ముందు ఎస్ఎంపీఎస్‌ని క్యాబినెట్‌లో బిగించి, స్విచ్ ఆపి, ప్లగ్గు మాత్రం గోడకి పెట్టాడు. మధ్యమధ్యలో క్యాబినెట్ ఇనుముని వేలితో తాకుతున్నాడు, ఒంట్లో కరెంటు ఏదైనా ఉంటే ఆ కొత్త ఎర్తులోకి పోవడానికి. మదర్‌బోర్డుని దాని అట్టపెట్టె మీదే పరిచాడు. ఈ ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులుంటాయి, వెంట్రుకల్లాంటివి. ఒక మూల బంగారు రంగు త్రికోణం ఉంటుంది. సాకెట్ మీద ఉన్న త్రికోణంతో దాన్ని కలిపి, మీట ఎత్తి, చిప్పుని అలా వదిలాడు. నొక్కలేదు. దాని బరువుకే అది దిగి కూర్చుంది. ఏటికొప్పాక లక్క భరిణె మూత పెడితే గాలిని మెల్లగా తోసుకుంటూ దిగుతుందే, అలాగ. మీట వేశాక మాత్రమే ఊపిరి వదిలాడు.

కూలర్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. కంపెనీ ఇచ్చే చిన్న కూలర్‌కి నాలుగు స్క్రూలు. వాటికోసం బోర్డు మీది ప్లాస్టిక్ కొక్కేలు విప్పగానే వెనకున్న ఇనప పలక జారిపోతుంది. వాడు వెనక అరచెయ్యి ఆనించి పట్టుకుని, స్క్రూలని ఒక్కోదాన్ని రెండేసి చుట్లే, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ తిప్పాడు. ఒకే మూల పూర్తిగా బిగిస్తే కూలర్ ఒరిగి, అడుగున రాసిన పేస్టు ఒక పక్కకే నెట్టుకుపోతుంది. కారు చక్రం మార్చే మెకానిక్‌లకి ఈ వరస బాగా తెలుసు. మా కొట్టులో పనిచేసిన కుర్రాళ్లకి నేర్పడానికి నాకు ఏడాది పట్టేది.

స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది.

మా చెల్లెలు గుమ్మంలో నిలబడి, "అంతా పోయిందా?" అంది. వాడు ఏమీ విప్పలేదు. బోర్డు అంచున నాలుగు చిన్న దీపాలున్నాయి, ప్రాసెసర్‌కి ఒకటి, ర్యామ్‌కి ఒకటి, కార్డుకి ఒకటి, డిస్కుకి ఒకటి. ర్యామ్ దీపం వెలుగుతోంది. ఆ నాలుగు దీపాల కోసమే ఇంకో బోర్డు కాదని దీన్ని ఎంచుకున్నానని అప్పుడు చెప్పాడు. కరెంటు ఆపి, రెండో కర్ర తీసి, రెండు చివరలా బొటనవేళ్లతో సమంగా నొక్కాడు. టక్కుమంది. ఈసారి తెర వెలిగింది. వెంటనే బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ వేగం 3200కి పెట్టాడు. అలా పెట్టకపోతే కర్రలు తక్కువ వేగానికే నడుస్తాయి. ఆ సంగతి తెలియక, డబ్బు కట్టిన వేగం అందకుండానే ఏళ్ల తరబడి ఆడుకునేవాళ్లున్నారు.

తర్వాత గంటసేపు చేసిన పని ఎవరికీ కనిపించదు. వైర్లన్నీ బోర్డు వెనక్కి తీసి, కట్టి, ముందు జాలీలోంచి వచ్చే గాలికి అడ్డం లేకుండా చేశాడు. ముందు రెండు ఫ్యాన్లు గాలి లాగుతాయి, వెనక ఒకటి వదులుతుంది. లోపలికొచ్చే గాలి ఎక్కువైతే సందుల్లోంచి దుమ్ము దూరదు. వచ్చే దుమ్మంతా ముందున్న జాలీ మీదే ఆగుతుంది, నెలకోసారి అది కడుగుతాడు. హైవే పక్కన ఉండే ఊళ్లో ఈ ఏర్పాటు ఎంత పనిచేస్తుందో రెండేళ్ల తర్వాత పలక విప్పి చూశాను. లోపల వేలితో గీస్తే గీత పడలేదు.

మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గది, 38 డిగ్రీలు. రెండు గంటలు ఆట నడిచాక కార్డు 74 దగ్గర నిలబడింది. ఫ్యాన్ల చప్పుడు సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయింది.

ఆ ధరలు ఇప్పుడు లేవు, ర్యామ్ అయితే మరీ ప్రియమైంది. కార్డుల పేర్లు కూడా మారతాయి. అందుకని వాడి జాబితా మీకు ఇక్కడ దించి ఇవ్వడం లేదు. మీ ఇంట్లో సిస్టమ్ బిగించుకుంటానంటున్న పిల్లలుంటే ఒక్క మాట. కార్డు గురించి మాట్లాడే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆ మూడో కన్నం వెనక వైరు ఉందో లేదో చూపించండి. మా చెల్లెలు ఇప్పుడు చెప్పులు లేకుండానే ఫ్రిజ్ తీస్తోంది.