విడిపించు, విడిపించుకొను

రోజూ పొద్దున్నే డికాక్షన్ దిగేలోపు "లూఓ, లూఎయిస్, లూఎయి" అని వల్లె వేస్తుంటాను. చిన్నప్పుడు "రామః రామౌ రామాః" చదివినట్టే ఉంటుంది. తేడా ఒక్కటే, తప్పు చదివితే తొడపాశం పెట్టే మాస్టారు లేరు. 56వ ఏట ప్రాచీన గ్రీకు మొదలుపెట్టానని తెలిసి మా తమ్ముడు "ఎందుకన్నయ్యా ఇప్పుడిది?" అన్నాడు. జవాబు కూడా తనే అందించాడు: "మతిమరుపు రాకుండానా?"

ప్రాచీన భాషలు మెదడుకు సాన పెడతాయని చాలామంది నమ్మకం. నేనూ కొంతకాలం నమ్మాను. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1924లో వేలమంది హైస్కూలు పిల్లల్ని పరీక్షించి, లాటిన్ చదివినంత మాత్రాన ఆలోచనాశక్తి ప్రత్యేకంగా ఏమీ పెరగలేదని తేల్చాడు. 2003లో జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఇంకా ఇబ్బందికరమైనది. స్పానిష్ నేర్చుకునేటప్పుడు, అంతకుముందు లాటిన్ చదివినవాళ్ళకంటే ఫ్రెంచి చదివినవాళ్ళే తక్కువ తప్పులు చేశారట. ఇవి లాటిన్ సంగతులే. అయినా గ్రీకు దగ్గర మంత్రదండం ఉందనుకోవడానికి నాకు కారణం కనిపించదు. బండి తాళాలు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

మరెందుకు? ఒక్క క్రియ సంగతి చెబుతాను.

లూఓ అంటే విప్పడం, వదలడం, విడిపించడం. గ్రీకు వాచకాలు చాలావాటిలో నమూనా క్రియ ఇదే. దీనికి కర్తరి, కర్మణి కాక 'లూఒమై' అనే మూడో తీరు ఒకటుంది. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి మిడిల్ వాయిస్ (మధ్యమం) అని పేరు పెట్టి, పని చేసేది కర్తే, ఫలం చేరేదీ కర్తకే అంటూ పేజీలకు పేజీలు నడుస్తాయి. మూడు వారాలు వాటిలో కొట్టుమిట్టాడాను. ఒకరోజు వంటింట్లోంచి మా ఆవిడ, "డికాక్షన్ దిగింది, మీరే కలుపుకోండి" అంది. ఆ 'కో' దగ్గర ఆగిపోయాను. కలుపు, కలుపుకో. వండు, వండుకో. పుస్తకం పది పేజీల్లో చెప్పలేనిది మా వంటింట్లో ఒక్క అక్షరంలో ఉంది.

ఇలియడ్ కథ మొదలయ్యేది ఈ తేడా మీదే. అపోలో పూజారి క్రూసేస్ బోలెడు ధనం మోసుకుని గ్రీకుల శిబిరానికి వస్తాడు. అతని కూతురు అగమెమ్నాన్ దగ్గర బందీ. ఆ తండ్రి వచ్చిన పనికి హోమర్ వాడిన మాట 'లూసొమెనొస్', అంటే కూతుర్ని విడిపించుకోవడానికి. సరిగ్గా ఏడు పంక్తుల తర్వాత అతను నోరు తెరిచి వేడుకుంటాడు, నా బిడ్డను విడిపించండి అని. క్రియ అదే, ఇప్పుడు కర్తరిలో ఉంది. ధనమిచ్చేవాడు విడిపించుకుంటాడు, పుచ్చుకునేవాడు విడిపిస్తాడు. ఇంగ్లీషు అనువాదకుడైతే ఇక్కడ రెండు వేరువేరు క్రియలు వెతుక్కోవాలి. మనకు 'కొను' ఉంది.

ఆ తర్వాత ఎక్కడ చూసినా అదే. అప్పిచ్చేవాడిదీ అప్పు తెచ్చుకునేవాడిదీ గ్రీకులో ఒకే క్రియ, చివరి ప్రత్యయమే వేరు. అద్దెకిచ్చినా, తీసుకున్నా అంతే. తీర్పు చెప్పే క్రియను మధ్యమంలోకి తెస్తే వ్యాజ్యమాడేవాడిది అవుతుంది. 'కొను' అసలర్థం తీసుకోవడమేగా మరి!

సంస్కృతంలో పాణిని వీటినే పరస్మైపదం, ఆత్మనేపదం అన్నాడు. పురోహితుడు 'యజతి'. ఎవరి ఫలం కోసం యజ్ఞం జరుగుతోందో ఆయన 'యజతే'. ఆయనే యజమానుడు. ఆ మాటలోని 'మాన', లూసొమెనొస్‌లోని 'మెనొస్' ఒకే తల్లి బిడ్డలు. అద్దె వసూలుకు వచ్చిన మా ఇంటి యజమానికి ఈ సంగతి చెప్పాను. అంతా విని, కరెంటు బిల్లు కట్టారా అన్నాడు.

ఇక్కడో జాగ్రత్త. గ్రీకు, సంస్కృతం ఒక కుటుంబం. మనది ద్రావిడం. ఇది పట్టుకుని గ్రీకు తెలుగులోంచి పుట్టిందని వాట్సాప్‌లో తిప్పకండి. పైగా పోలిక అన్నిచోట్లా అతకదు. రావడం, పోవడం చెప్పే 'ఎర్ఖొమై' వర్తమానంలో మధ్యమంలోనే ఎందుకుంటుందో నాకు ఒంటబట్టలేదు. అయితే ఊరుకోవడంలో, పడుకోవడంలో 'కొను' ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే నేను మాత్రం ఏం చెప్పగలను?

గ్రీకు నాకు ఇచ్చింది తెలివి కాదు, నిదానం. క్రియ చివర చూడకుండా వాక్యాన్ని ఊహించే అలవాటు తగ్గింది. ఇన్నేళ్ళుగా తెలుగు రాస్తూ, 'ఇల్లు కట్టాడు' అంటే మేస్త్రీ అని, 'కట్టుకున్నాడు' అంటే వాయిదాలు కడుతున్నవాడని ఒక్కసారీ ఆలోచించలేదు. ఇప్పుడు నా పాత కాలమ్స్ తీసి చూస్తే, 'కొను' ఉండాల్సిన చోట లేకుండా, అక్కర్లేని చోట తగిలించి రాసిన వాక్యాలు సిగ్గుపడేటన్ని కనిపిస్తున్నాయి.

రోజుకు రెండు మూడు పంక్తులకు మించి సాగడం లేదు. ప్రస్తుతం మొదటి సర్గలో 44వ పంక్తి దగ్గరున్నాను. పూజారి మొర విని, కోపంతో అపోలో ఒలింపస్ కొండ దిగుతున్నాడు. ఈ ఒక్క సర్గకే ఇంకా 567 పంక్తులున్నాయి.