నేరకథాపరంపరలలో స్త్రీస్మృతి

కథకుఁ గుతూహలము ప్రాణము. కుతూహలము వినువారి మనస్సునఁ బుట్టును. దానిని నిలుపునది కథలోని రహస్యము. ఆ రహస్యమును ఎవరికిఁ దెలియకుండ దాఁచవలయును, ఎవరిచేఁ జెప్పింపవలయును, ఎప్పుడు చెప్పింపవలయును అను మూఁడు ప్రశ్నలయందే కథకుని నేర్పు బయలుపడును. నేఁడు టెలివిజను తెరమీఁదను చేతిఫోనులలోను జనులు చూచుచున్న నేరపరిశోధన కథలయందు ఈ మూఁడు ప్రశ్నలును తఱచుగా స్త్రీపాత్రము చుట్టును దిరుగుచున్నవి. ఇట్టి కథలు విమర్శకుఁ దగవని పండితులు కొందఱు త్రోసివేయుదురు. ఆ యభిప్రాయము సరికాదని నా తలంపు. ఇంటింట ప్రతిరాత్రియు వినఁబడు కథ మంచిదైనను చెడ్డదైనను సాహిత్యవిమర్శకు లోఁబడవలసినదే.

నాకీ విచారమును గలిగించినది యొక చిన్న సంభాషణ. నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపుపంటకుఁ బేరుపొందిన ప్రాంతము. వానకాలపు మొదట నాటిన పైరు జనవరి మొదలు మార్చి వఱకుఁ ద్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన కొమ్ములను వేఱుచేయుట, ఉడికించుట, కల్లములలో నారఁబెట్టుట మొదలగు పనులలో ఆఁడువారి చేయి యెక్కువ. అట్టి యొక కల్లమున, మధ్యాహ్నపు బువ్వవేళ, నలుగురు స్త్రీలు ఒక చేతిఫోను చుట్టును గూర్చుండి నేరకథ నొకదానిని జూచుచుండిరి. అందలి నాయిక తన పూర్వవృత్తాంతమును మఱచిన స్త్రీ. “గా పిల్లకు ఎప్పుడు యాదికొస్తదో” అని యొకతె యనెను. కొంగుతోఁ జేతులు తుడుచుకొనుచు ముదుసలి యొకతె యిట్లు బదులు చెప్పెను: “యాదికొస్తె కత ఒడుస్తది గద బిడ్డా. గందుకే యాదికి రానిస్తలేరు.”

యాది యనఁగా స్మృతి. ఒడుచుట యనఁగా ముగియుట. నాయికకు జ్ఞాపకము వచ్చినచోఁ గథ ముగియును గాన, కథ ముగియకుండుటకై యామెకు జ్ఞాపకము రానీయకున్నారని యామె భావము. ఈ మాటలో నొక విమర్శసూత్రమే యున్నది. దానిని గొంత విస్తరించి చూపుటయే యీ వ్యాసమున నా ప్రయత్నము.

వారు చూచుచుండినది అంజలి ప్రధానపాత్రము ధరించిన ‘ఝాన్సీ’. తిరు దర్శకత్వమున నిర్మింపఁబడిన యీ కథ మొదటి సంపుటము 2022 అక్టోబరులోను, రెండవది 2023 జనవరిలోను హాట్‌స్టార్‌లో వెలువడినవి. లోకమున సీజనని వ్యవహరింపఁబడుదానినే యిక్కడ సంపుటమనుచున్నాను. నాయిక మహిత యను పేర బ్రదుకుచుండును. పూర్వము తానెవరో యెఱుఁగదు. భయంకరదృశ్యములు తునుకలు తునుకలుగా మనస్సునకుఁ దోఁచుచుండును. ఆ తునుకలను బట్టి తన కథను దానే వెదకికొనును.

ఈ కల్పనలోని గుణము నొప్పుకొనక తప్పదు. సామాన్యముగా నేరకథలో స్త్రీ హతురాలు గానో, అపహృత గానో యుండును. పరిశోధకుఁడు పురుషుఁడై యుండును. ఇచ్చట బాధితయు, పరిశోధకురాలును, అనుమానింపఁదగినదియు నొక్క స్త్రీయే. ఆమె యెఱుఁగనిది మనమును ఎఱుఁగము. కావున చూచువాఁడు దయఁదలఁచువాఁడుగాఁ గాక తోడిబాటసారిగా నడచును. దారుణమైన దెబ్బ తిన్న మనస్సు మఱపును శరణుచొచ్చుట లోకానుభవమునకు విరుద్ధము కాదనియు సమర్థింపవచ్చును.

ఐనను ముదుసలి చేసిన యాక్షేపణ మిగిలియే యున్నది. మఱపు నాయిక స్వభావమునుండి పుట్టినదా, కథకుని యవసరమునుండి పుట్టినదా? జ్ఞాపకము లామె ప్రయత్నమునకు ఫలముగా వచ్చినచో నది పాత్రపోషణము. అట్లుగాక భాగము ముగియు వేళకు సరిగా నొక తునుకయు, సంపుటము ముగియు వేళకు మఱియొక తునుకయు వచ్చుచున్నచో, ఆమె మనస్సు కథకుని చేతి తాళముచెవి యగుచున్నది. ‘ఝాన్సీ’యందు ఈ రెండు విధములును గలసియున్నవి, కాని సంపుటముల యంచులయొద్ద రెండవదియే బలవత్తరముగాఁ గనఁబడుచున్నది.

మఱపు మన సాహిత్యమునకుఁ గ్రొత్త కాదు. మహాభారతమందలి శకుంతలోపాఖ్యానమున దుష్యంతుఁ డన్నియు నెఱిఁగియుండియే యెఱుఁగనని పలుకును. శకుంతల నిండుసభలో తన సత్యమును దానే వాదించును. నన్నయ యాదిపర్వమున నా వాదమును జదివినవారు ఆ గొంతును మఱవఁజాలరు. కాళిదాసు దుర్వాసశాపమును గల్పించి రాజు దోషమును మఱపుగా మార్చెను. ఆ నాటకమున ఆఱవయంకపుఁ బ్రవేశకమును గమనింపుఁడు. ఉంగరము నమ్మఁబోయిన జాలరిని రక్షకభటులు పట్టి కొట్టి ప్రశ్నింతురు. దొరికిన సొత్తు, అనుమానితుఁడు, భటుల దౌర్జన్యము, నిజనిరూపణము అన్నియు నుండుటచే నది నేరపరిశోధన దృశ్యమే. ఐనను మఱచినవాఁ డధికారముగల రాజు, జ్ఞాపకముంచుకొన్నది స్త్రీ. ఆమె సాక్ష్యమును బలపఱచుటకే ఉంగరము కావలసివచ్చినది. ‘ఝాన్సీ’లోనో, మఱపు దెబ్బ తిన్న స్త్రీపైనే మోపఁబడినది. అపకారము చేసినవారికి అంతయు జ్ఞాపకమున్నది. అపకృత మాత్రము ఎఱుఁగదు.

పదునాఱవ శతాబ్దమునఁ బింగళి సూరన రచించిన ‘కళాపూర్ణోదయము’ ఇంకను దగిన యుదాహరణము. రహస్యములను దాఁచుటలోను, క్రమము దప్పించి చెప్పుటలోను, మాఱువేషములచే భ్రాంతి పుట్టించుటలోను దానిని మించిన తెనుఁగుకావ్యము లేదు. నేఁటి నేరకథకులు గర్వించు కథనచమత్కారము లనేకము లందుఁ గలవు. అంత చిక్కుపడిన కథ యెవరివలన విడివడుచున్నది? పూర్వజన్మమునఁ గలభాషిణియై యపాయముల పాలైన స్త్రీ మధురలాలసగాఁ బుట్టి, శిశువై యుండఁగనే, రాజసభలో పూర్వకథను జెప్పును. సూరన పాఠకుని మనస్సును ఎంతకాలమో యూఁగించెను. కాని విప్పు వేళ వచ్చినప్పుడు స్మృతిని స్త్రీచేతనే యుంచెను. ఆమెకు యాదికి వచ్చుటతోనే కథ వెలుఁగొందినది. నేరము సహించిన స్త్రీ నోటనే కథ విడివడుటయు, కుతూహలము చెడకుండుటయు నొకచోఁ బొసఁగునని దీనివలన నేర్పడుచున్నది.

నేఁటి కథలలో నీ మార్గమునకు దగ్గఱగా వచ్చినది, పవన్ కుమార్ దర్శకత్వమున 2021 జులైలో ఆహాయందు వెలువడిన ‘కుడి ఎడమైతే’. అమలా పాల్ ధరించిన దుర్గ పోలీసు అధికారిణి. బిడ్డల యపహరణమును బరిశోధించుచుండును. ఫిబ్రవరి 29వ దినము మరల మరల తిరిగివచ్చుచుండఁగా, లోకమంతయు మఱచిన దానిని ఆమెయు, ఆది యను యువకుఁడును మాత్రము జ్ఞాపకముంచుకొందురు. ఇచ్చట స్మృతియే పరిశోధనసాధనము. నిన్నటి తప్పును జ్ఞాపకముంచుకొన్న స్త్రీ నేఁడు వేఱు త్రోవ త్రొక్కును. చూచువాఁడు ఆమె యెవరో తెలియుటకై కాక, ఆమె యెఱిఁగి యేమి చేయునో చూచుటకై కాచుకొనియుండును. మొదటిది పొడుపుకథ విప్పు కుతూహలము. రెండవది నాటకమునకుఁ దగిన కుతూహలము.

రహస్యము దెలిసిపోయినచో రెండవ సంపుటమున కెవరు వత్తురని నిర్మాత లడుగవచ్చును. దీనికి సమాధానము మన దేశముననే యున్నది. 2012 నాఁటి ఢిల్లీ దారుణముపై నేర్పఱచిన హిందీ కథ ‘ఢిల్లీ క్రైమ్’, రిచీ మెహతా దర్శకత్వమున 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడి, 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారమును బొందినది. అందు నేరము చేసినవారు వీరని చిరకాలము దాఁచిన రహస్యమేమియు లేదు. దారుణకృత్యమును దెరపైఁ జూపి ప్రేక్షకుని రెచ్చగొట్టుటయు లేదు. షెఫాలీ షా ధరించిన వర్తికా చతుర్వేది యను అధికారిణి పనిచేయు తీరు, అలసట, కోపము, ధర్మసంకటము ఇవియే కథ. 2022లో రెండవ సంపుటము వేఱొక నేరముతో వచ్చినది. జనులు తిరిగివచ్చినది వెనుకటి సంపుటమునుండి బాకీపడిన రహస్యమునకుఁ గాదు. పరిచితమైన యొక వ్యక్తి మఱియొక సంకటమున నెట్లు నిలుచునో చూచుటకు. సంపుటములను గలుపు సూత్రము దాఁచిన సంగతి కానక్కఱలేదు, పాత్రయొక్క శీలము కావచ్చునని దీని తాత్పర్యము.

2025లో జీ5 వెలువరించిన ‘విరాటపాలెం’ మఱియొక ప్రశ్నను మన ముందుంచుచున్నది. పెండ్లినాఁడే పెండ్లికూఁతుండ్రు మరణించు గ్రామమునకు మీనా యను కానిస్టేబులు వచ్చి నిజమును వెదకును. పరిశోధించునది స్త్రీ యగుట మెచ్చఁదగినదే. ఐనను ఇట్టి కథలను దూఁచుటకుఁ బరిశోధకురా లొక్కతె చాలదు. చనిపోయిన యా కన్యలలో నొక్కొక్కతెకును పేరు, ఇష్టము, మాట యున్నవా, లేక వారు భయమును బెంచుటకై లెక్కింపఁబడిన సంఖ్యలు మాత్రమేనా యని యడుగవలయును. జీవించియున్న స్త్రీ చేత దీపముంచి, మృతులను జీఁకటిలో విడిచినచోఁ గథ సగమే న్యాయము చేసినది.

ఇందుచే విమర్శకులు మూఁడు పరీక్షలు పెట్టవచ్చునని నా మనవి. నేరమును సహించిన స్త్రీకి తన కథ తనకుఁ దెలియునా? తెలియనిచో నా యజ్ఞాన మామె జీవితమునకు సంబంధించినదా, సంపుటముల లెక్కకు సంబంధించినదా? నిజము బయలుపడు వేళ నోరు విప్పునది ఎవరు? ఈ మూఁటికిని దగిన యుత్తరము చెప్పఁగల కథ యెన్ని సంపుటములు నడచినను దోషము లేదు.

ఇది కేవలము రచనాచమత్కారమునకు సంబంధించిన విషయము కాదు. ఏ యూరనైనను స్త్రీకి అపకారము జరిగినప్పుడు మొదటి సాక్ష్య మామె స్మృతియే. పంచాయితీలోఁ గాని ఠాణాలోఁ గాని న్యాయస్థానమునఁ గాని యామె ముందుగా వినవలసివచ్చు ప్రశ్న, “నీకు సరిగా జ్ఞాపకమున్నదా?” అనునదే. రాత్రింబగళ్లు చూచెడు కథలలో స్త్రీస్మృతి చెదరినదిగను, నమ్మరానిదిగను, ఇతరులు పూరింపవలసినదిగను గనఁబడుచున్నచో, ఆ ప్రశ్న అడుగువారి గొంతున సందేహము మఱింత బలపడదా? కథలే యీ సందేహమునకు మూలమని నేననను. కాని దానిని బెంచుటయో తగ్గించుటయో కథకుని చేతిలో నున్నది.

ఆర్మూరి కల్లమున నా ముదుసలి కథను నిందింపలేదు. ఆ మాట చెప్పి, మిగిలిన భాగమును జూచియే పనికి లేచెను. మోసమును గనిపెట్టియుఁ గథను విడువఁజాలని యీ రసికత్వమును గథకులు గౌరవింపవలయును. యాదికి వచ్చిన తరువాతఁ గూడ నడువఁగల కథ నామెకుఁ జెప్పఁగలవారు మన భాషలోఁ బుట్టుదురుగాక. సూరన జాడ వారి కెదుటనే యున్నది.