ఆట మనది, మాట ఎవరిది?

ఆదివాసీ రచయితల వ్యాసాల్లో పాట గురించి ఉంటుంది, పండుగ గురించి ఉంటుంది, భూమి గురించి, పోరాటం గురించి ఉంటుంది. చూసిన నాటకం గురించి రాసింది మాత్రం చాలా తక్కువ. నాటకం మైదానం వాళ్లదనీ, మనకున్నది ఆటాపాటా మాత్రమేననీ ఒక అభిప్రాయం మనలో చదువుకున్నవాళ్లకు కూడా పట్టుకుంది. అది సరైంది కాదని నా నమ్మకం. గడిచిన ఏడాదిలో చూసిన మూడు ప్రదర్శనల ఆధారంగా ఆ మాట చెప్పదలచుకున్నాను. మొదటిది హైదరాబాదులో సురభి వారి మాయాబజార్. రెండోది ఒక పట్టణంలో ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవ సభలో ఆడిన గుస్సాడీ. మూడోది ఒక ఆశ్రమ పాఠశాల వార్షికోత్సవంలో పిల్లలు వేసిన కొమురం భీం నాటకం. మూడింట్లోనూ నేను గమనించింది ఒకటే. వేదిక మీద అడవి మనిషి కనిపిస్తాడు సరే, మాట్లాడుతున్నది ఎవరు?

సురభి సంగతి ముందు చెప్తాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో ఈ సమాజం మొదలైంది. అంతకుముందు వీళ్లు తోలుబొమ్మలు ఆడించినవాళ్లు. ఇంటిల్లిపాదీ నాటకంలోనే బతుకుతారు. తండ్రి కృష్ణుడైతే కూతురు శశిరేఖ, మేనమామ తెర లాగుతాడు, పిన్ని మేకప్ వేస్తుంది. ఆడవేషాలు మగవాళ్లు కట్టే రోజుల్లోనే వీళ్ల ఇంటి ఆడవాళ్లు వేదిక ఎక్కారు. మాయాబజార్‌లో గాలిలో బాణాలు ఎదురెదురుగా ఢీకొంటాయి, పొగలోంచి మనిషి పుట్టుకొస్తాడు, చూస్తుండగానే అడవి పోయి రాజభవనం నిలబడుతుంది. ఇదంతా తాళ్లతో, తీగలతో, రంగు తెరలతో, చేతి పనితో చేస్తారు. నా పక్కన కూర్చున్న ఇంటర్ కుర్రాడు సెల్‌ఫోన్ జేబులో పెట్టేసి రెండు గంటలు తీయలేదు. అంతకంటే పెద్ద మెప్పు ఏముంటుంది?

అయితే అభిమన్యుడు, శశిరేఖల ప్రేమ ఘట్టాలు నాకు సాగదీసినట్టే అనిపించాయి. ఘటోత్కచుడు వచ్చాక హాలు లేచి కూర్చుంది. కథ నడిపేది అతనే. పెళ్లి జరగడానికి కారణం అతనే, మాయ శశిరేఖగా మారి కౌరవులను ఆడుకునేదీ అతనే. భీముడికీ, అడవిలో ఉండే హిడింబికీ పుట్టిన కొడుకు. బంధువుల ఆపద తీర్చడానికి అడవి నుంచి దిగుతాడు, పని అయ్యాక పక్కన నిలబడతాడు. అతని అనుచరులు నోరు తెరిస్తే చాలు, జనం నవ్వుతారు. వాళ్ల తిండి నవ్వు, వాళ్ల మాట నవ్వు, వాళ్ల నడక నవ్వు. నటులు బాగా చేశారు కాబట్టి నేనూ నవ్వాను. కానీ హిడింబి ఎందుకు హస్తినలో ఉండదని ఆ నాటకంలో ఎవరూ అడగరు. అడిగితే అది వేరే నాటకం అవుతుంది. ఆ నాటకం మనం రాయాలి.

తెలుగు నాటకంలో ఇది కొత్త సంగతి కాదు. పాత యక్షగానాల్లో, కురవంజుల్లో ఎరుకలసాని లేకుండా రక్తి లేదు. సింగీ సింగడూ వచ్చి సరసమాడితే గానీ ప్రేక్షకులకు తృప్తి ఉండేది కాదు. శ్రీనివాస కల్యాణం కథలో సాక్షాత్తూ వేంకటేశ్వరుడే ఎరుకలసాని వేషం వేసుకుని, ఆకాశరాజు ఇంటికి పోయి సోది చెప్తాడు. దేవుడికి పెళ్లి కుదరడానికి కూడా ఎరుకల మాటే పనికొచ్చింది. పని జరిగాక వేషం విప్పేస్తాడు. వేషం విప్పలేని ఎరుకల ఆడమనిషికి ఆ కథలో పాత్ర లేదు. తర్వాత అదే ఎరుకలవాళ్లను బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద రాసి, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టింది. సినిమాలు ఆ ఊరి పేరును దొంగలకు పర్యాయపదంగా వాడుకున్నాయి. సోది చెప్పే వేషం, దొంగ వేషం - రెండూ ఇతరులు రాసినవే.

ఇక గుస్సాడీ. ఆ సభలో మా గోండు కుర్రాళ్లు పన్నెండు మంది నెమలి పింఛాల టోపీలతో, ఒంటినిండా బూడిదతో, చేతిలో కర్రలతో వేదిక ఎక్కారు. ఆట బాగుంది. అడుగు ఎక్కడా తప్పలేదు, డప్పూ గుమేలా చక్కగా కలిశాయి. వాళ్ల తప్పు ఏమీ లేదు. వాళ్లకు ఇచ్చింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లోనే వెనక అతిథులకు శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. వ్యాఖ్యాత మైకులో "ఇది గిరిజనులు సంతోషంగా చేసుకునే నృత్యం" అని చెప్పి తర్వాతి అంశం పేరు పిలిచాడు. అరకులో పర్యాటకుల ముందు ధింసాకు జరిగేదీ ఇదే కాబట్టి దాని గురించి వేరే రాయను.

ఊళ్లో దండారి చూసినవాళ్లకు ఈ ఐదు నిమిషాలు ఎందుకు సరిపోవో తెలుసు. దీపావళి రోజుల్లో ఒక ఊరి దండారి ఇంకో ఊరికి విడిది పోతుంది. పోయేది చుట్టరికం కలిసే ఊరికి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉన్నాయి కదా, ఏ సగ వాళ్లకు ఎవరు వియ్యం అవుతారో పిల్లలకు తెలిసేది ఇలాంటప్పుడే. వచ్చినవాళ్లను ఊరు ఎదురొచ్చి తీసుకుపోతుంది, అన్నం పెడుతుంది. గుస్సాడీ అంటే ఆ రోజుల్లో దేవుడు ఒంటి మీద ఉన్న మనిషి. స్నానం చేయడు, దీక్షలో ఉంటాడు. పెద్దవాళ్లను కూడా ఆట పట్టిస్తాడు, ఆడవేషం కట్టిన పోరిక్ కుర్రాళ్లతో కలిసి అల్లరి చేస్తాడు. రాత్రి ఆట మధ్యలో చిన్న చిన్న హాస్య ఘట్టాలు వేస్తారు. నేను చూసిన ఒకదానిలో ఒకడు ఫారెస్టు గార్డు అయ్యాడు, ఒకడు పోడు కొట్టుకున్న రైతు, ఒకడు దుంగ. దుంగ అయినవాడు నేల మీద కదలకుండా పడుకున్నాడు. గార్డు కొలతలు తీసి జరిమానా లెక్క కడుతుంటే, దుంగ తల ఎత్తి తన పొడవు తానే తక్కువ చేసి చెప్పింది. ఊరంతా పడీపడీ నవ్వింది. రాత ప్రతి లేదు, రిహార్సల్ లేదు, మాట మొత్తం గోండీ. పది నిమిషాల్లో భూమి సమస్య మొత్తం వచ్చింది. దీన్ని నాటకం అనకపోతే ఇంక దేన్ని అనాలి?

కాబట్టి దండారిని వేదిక ఎక్కించవద్దని నేను అనను. మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారు 1981లోనే తన బృందాన్ని ఢిల్లీ ఎర్రకోట దాకా తీసుకుపోయారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎంతోమంది కుర్రాళ్లకు అడుగు నేర్పి 2024లో వెళ్లిపోయారు. ఆయన వల్లే ఈ ఆట బయటి ప్రపంచానికి తెలిసింది. నా ఫిర్యాదు వేదిక మీద కాదు. వేదిక మీదికి అడుగును పిలిచి, మాటను ఊళ్లోనే వదిలి రమ్మంటున్నారు. దుంగ మాట్లాడిన ఆ పది నిమిషాలు కూడా పిలవాలి.

ఇప్పుడు పిల్లల నాటకం. ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. ముందుగా ఆ సార్లకు దండం పెట్టాలి. ఖర్చు జేబులోంచి పెట్టుకుని, పరీక్షల మధ్య రెండు వారాలు పిల్లలను తయారుచేశారు. అట్ట తుపాకులు, గోనెసంచి గుడిసె, జోడేఘాట్ గుట్టల తెర, అన్నీ పిల్లలే చేశారు. భీం వేషం వేసిన తొమ్మిదో తరగతి పిల్లాడికి మంచి గొంతు. కానీ అతను నోరు తెరవగానే వచ్చింది గ్రాంథికం కలిసిన తెలుగు. పౌరాణిక నాటకంలో కర్ణుడు మాట్లాడినట్టు, చెయ్యి చాచి, వాక్యం చివర లాగి, చప్పట్ల కోసం ఆగి మాట్లాడాడు. నిజాం పోలీసులు ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడారు. బాగుంది, అది నమ్మేట్టుగా ఉంది. మిగతా గోండులు మాత్రం సినిమాల్లో గిరిజనులు మాట్లాడే ఆ వంకర తెలుగు మాట్లాడారు, "దొరా దొరా" అంటూ. ఆ తెలుగు ఏ గూడెంలోనూ ఎవరూ మాట్లాడరు. మా పిల్లలు దాన్ని టీవీలో నేర్చుకుని, తమ భాషగా తమ తల్లిదండ్రుల ముందే ఆడారు.

అప్పుడు ఒక సంఘటన జరిగింది. పోలీసులు గుడిసెలు తగలబెట్టే సీనులో ముసలవ్వ వేషం వేసిన ఎనిమిదో తరగతి అమ్మాయి తన డైలాగు మర్చిపోయింది. తెర పక్కనుంచి సారు అందిస్తున్నారు, ఆమెకు వినపడలేదు. రెండు క్షణాలు నిలబడి, పోలీసు వేషం వేసినవాడి వైపు తిరిగి గోండీలో తిట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో వాళ్ల అవ్వ తిట్టే తిట్లు అయ్యుంటాయి. విత్తనాల గురించి, కోళ్ల గురించి, కాలిపోయిన దూలం గురించి, దూలం ఏ చెట్టుదో ఎవరు నరికి తెచ్చారో అన్నీ కలిపి తిట్టింది. వెనక నేల మీద కూర్చున్న తల్లులు మొదట నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు కుర్చీల్లో ఉన్న అతిథులకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ వాళ్లు కూడా కదలలేదు. పోలీసు వేషం పిల్లాడు నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ నాటకం మొత్తంలో నటన అంటే అదే. భీం ప్రాణం విడిచిన సీనుకు చప్పట్లు వచ్చాయి. ముసలవ్వ తిట్టుకు చప్పట్లు రాలేదు, నిశ్శబ్దం వచ్చింది.

తర్వాత ఒక ఉపాధ్యాయుడు "పాపం, డైలాగు తప్పింది సార్, లేకపోతే ఇంకా బాగుండేది" అన్నారు. నేను ఆయనతో ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

మన పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో ఈ సంగతిని ఒక పెద్ద దర్శకుడు ఏళ్ల తరబడి తంటాలు పడి తెలుసుకున్నాడు. హబీబ్ తన్వీర్ 1959లో నయా థియేటర్ పెట్టి, ఊళ్లలో నాచా ఆడే కళాకారులను తెచ్చుకున్నాడు. రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టగలిగినవాళ్లు తన దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోతున్నారు. వాళ్లతో హిందీ మాట్లాడించడం, ఎక్కడ నిలబడాలో ఎటు తిరగాలో గీత గీసి చెప్పడం, ఈ రెండూ తన పొరపాట్లని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఛత్తీస్‌గఢీలో మాట్లాడనిచ్చాక, నడక వాళ్లకే వదిలేశాక పుట్టింది 1975 నాటి చరణ్‌దాస్ చోర్. అబద్ధం ఆడనని గురువుకు మాటిచ్చి, ఆ మాట కోసం చచ్చిపోయే దొంగ కథ. 1982లో ఎడిన్‌బరోలో దానికి బహుమతి వచ్చింది. అక్కడివాళ్లకు ఛత్తీస్‌గఢీ వచ్చా? గోండీ పెడితే అతిథులకు అర్థం కాదని భయపడే సార్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

అహ్మదాబాదు ఛారానగర్ సంగతి ఇంకా దగ్గరిది. ఛారాలు కూడా ఎరుకలవాళ్లలాగే నేరస్థ తెగగా ముద్ర పడినవాళ్లు. 1998లో బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బుధన్ సబర్ అనే ఆదివాసీ పోలీసు కస్టడీలో చనిపోయాడు. అదే ఏడాది ఛారా యువకులు ఆ కథను నాటకంగా వేశారు. బుధన్ థియేటర్ అనే పేరు అక్కడి నుంచి వచ్చింది. నటులకు పెద్ద సెట్టు లేదు, వేషాలు లేవు. పోలీసు పాత్ర కూడా దెబ్బలు తిన్న కుటుంబాల పిల్లలే వేశారు. దొంగ వేషం ఇతరులు రాస్తే ఒకలా ఉంటుంది, ఆ ముద్ర మోసినవాళ్లు రాస్తే ఇంకోలా ఉంటుంది. స్టూవర్టుపురం పిల్లలు ఒక నాటకం రాస్తే చూడటానికి నేను రైలెక్కి పోతాను.

వచ్చే ఏడాది నాటకం వేసే సార్లకు ఒక మాట. వార్షికోత్సవంలో అరగంటకు మించి ఇవ్వరు. ఆ అరగంటలో భీం పుట్టుక నుంచి 1940లో జోడేఘాట్ దాకా చెప్పాలనుకుంటే చరిత్ర పాఠం అవుతుంది. అర్జీ పెట్టే సీను ఒక్కటి తీసుకోండి. ఒకవైపు ఉర్దూ తప్ప వినని అధికారి. ఒకవైపు గోండీ తప్ప రాని ఊరి పెద్దలు. మధ్యలో రెండూ వచ్చిన ఒక గుమాస్తా, ఎవరి మాటను ఎవరికి ఎంత చెప్తాడో వాడి ఇష్టం. పన్నెండు ఊళ్ల భూమి ఆ గుమాస్తా నాలుక మీద ఆధారపడి ఉంది. ప్రేక్షకుల్లో తల్లులకు గోండీ తెలుసు, అతిథులకు తెలియదు. గుమాస్తా తప్పు చెప్పిన ప్రతిసారీ తల్లులకు ముందు తెలుస్తుంది. మాటలు రాసుకోవాలంటే గుంజాల లిపి ఉంది, తెలుగు లిపిలో రాసుకున్నా ఫరవాలేదు. కొలాం ఊరైతే కొలామీలో, కోయ ఊరైతే కోయలో రాయించండి. రాయడం పిల్లలకు ఇవ్వండి, తప్పులు దిద్దడం వాళ్ల అవ్వలకు ఇవ్వండి. ఇంకో చిన్న సంగతి, మైకు. మొన్న మైకు డప్పుల పక్కన పెట్టారు, డప్పు మోగినప్పుడల్లా పిల్లల మాట ఒక్కటీ వినపడలేదు. మాట్లాడే పిల్లల ముందు పెట్టండి. డప్పుకు మైకు అక్కర్లేదు.