లూబిచ్ దొంగల చేతివాటం

నగల దొంగల సరదా ప్రేమకథల్లో నేను అగ్రతాంబూలం ఇచ్చేది ఒక్క సినిమాకే. అది 1932లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన ‘ట్రబుల్ ఇన్ ప్యారడైజ్’. ఈ మాట అనగానే హిచ్‌కాక్ అభిమానులు ‘టు క్యాచ్ ఎ థీఫ్’ సంగతేమిటని మీదికొస్తారని తెలుసు. వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాను.

లూబిచ్ బెర్లిన్‌లో పుట్టి, మూకీల కాలంలోనే హాలీవుడ్ చేరినవాడు. ఈ కథకు మూలం ఒక హంగేరియన్ నాటకం. మూలం చదవద్దని రచయిత శాంసన్ రాఫెల్సన్‌కు లూబిచ్ ముందే చెప్పాడంటారు. చెప్పే ఉంటాడు. తెర మీద నాటకం వాసన ఎక్కడా తగలదు.

వెనిస్ అనగానే ఎవరైనా వెన్నెల, కాలువ, పడవ చూపిస్తారు. లూబిచ్ ముందుగా చెత్తబుట్ట చూపించాడు. ఒకతను ఆ బుట్ట ఎత్తుకెళ్లి పడవలో కుమ్మరిస్తాడు. పడవ నిండా చెత్తే. దాన్ని నడుపుకుంటూ, గొంతెత్తి ‘ఓ సోలే మియో’ పాడుకుంటూ పోతాడు. తళుకు కింద ఏముందో ఒక్క షాట్‌లో తేల్చేశాడు.

ఇక ఆ భోజనం సీను. గాస్టన్ (హెర్బర్ట్ మార్షల్) బారన్‌గా చలామణీ అవుతున్న దొంగ. లిలీ (మిరియం హాప్‌కిన్స్) కౌంటెస్‌గా చలామణీ అవుతున్న దొంగ. హోటల్ గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటుంటారు. పక్క గదుల్లో దిగిన పెద్దమనిషిని దోచింది మీరేనని లిలీ తాపీగా అంటుంది. అదే గొంతుతో ఉప్పు అందుకోమంటుంది. అతను అంతే మర్యాదగా ఉప్పు అందిస్తాడు. ఆ పర్సు ఇప్పుడు మీ దగ్గరే ఉందని చెబుతాడు. లేచి తలుపు తాళం వేస్తాడు, కిటికీ తెర లాగుతాడు, వచ్చి ఆమె భుజాలు పట్టుకుని గట్టిగా కుదుపుతాడు. పర్సు జారి కింద పడుతుంది. దాన్ని తీసుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ భోజనానికి కూర్చుంటాడు. కాసేపటికి ఆమె బ్రోచ్ తిరిగిచ్చేస్తాడు, అందులో ఒక రాయి చాలా మంచిదని మెచ్చుకుంటూ. ఆమె టైమెంతైందని అడుగుతుంది. అతను జేబు తడుముకుంటే వాచీ లేదు. ఆమె తీసిచ్చి, అయిదు నిమిషాలు వెనకబడితే సరిచేశానంటుంది. చివరికి అతను, మీ గార్టర్ మాత్రం నా దగ్గరే ఉంచుకుంటానంటాడు. మేజోడు జారకుండా తొడకు వేసుకునే పట్టీ అది! లిలీ ఉలిక్కిపడి చూసుకుని, పరుగున వెళ్లి అతన్ని వాటేసుకుంటుంది.

ఇన్ని వస్తువులు చేతులు మారాయి కదా, ఒక్కటైనా మన కంటపడిందా? లేదు. మనం మాటలు వింటున్న సేపట్లోనే పని అయిపోయింది. లూబిచ్ మన జేబు కూడా కొట్టేశాడు. దీన్ని మించిన ప్రేమ సన్నివేశం హాలీవుడ్‌లో నాకు కనిపించలేదు. ఒక పనిమంతుణ్ణి ఇంకో పనిమంతురాలు గుర్తుపట్టడమే ఇక్కడ ప్రేమ.

మనకిది కొత్తేమీ కాదు. మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంట్లో నగలు కాజేసింది మదనికను దాస్యం నుంచి విడిపించుకోవడానికే. ఏ ఆకారంలో కన్నం వేస్తే తెల్లారి చూసినవాళ్లు శభాష్ అంటారోనని ఆలోచిస్తాడు. కొలతాడు మర్చిపోయొచ్చి జంధ్యంతో కొలుస్తాడు. లూబిచ్ ఆ నాటకం చదివాడో లేదో గానీ, గాస్టన్ మాత్రం శర్విలకుడి వంశంవాడే.

తర్వాత సినిమాలో గాస్టన్, పారిస్‌లో సెంట్ల కంపెనీ యజమానురాలు మదాం కోలే (కే ఫ్రాన్సిస్) ఇంట్లో సెక్రటరీగా చేరతాడు. వాళ్లిద్దరూ దగ్గరవడాన్ని లూబిచ్ ఒక గడియారంతో చెప్పాడు. తెర మీద మనుషులుండరు. ముల్లు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా జరుగుతుంటే మాటలు వినిపిస్తుంటాయి, అంతే. ఇంకోచోట పరుపు మీద ఇద్దరి నీడలు పడతాయి. గాస్టన్‌ను ఎక్కడో చూశానని సినిమా పొడుగునా బుర్ర బద్దలు కొట్టుకునే ఒక ఆసామి (ఎడ్వర్డ్ ఎవరెట్ హార్టన్) ఉన్నాడు. పడవ ఆకారంలో ఉన్న యాష్‌ట్రేలో సిగరెట్ నలుపుతుంటే అతనికి వెనిస్ గుర్తొస్తుంది! నాకు ఇక్కడ ప్రతిసారీ చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. మార్షల్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. కృత్రిమ కాలితోనే ఆ రాజసం అంతా నటించాడు.

ఇదంతా పై మెరుగులేనని కొందరు కొట్టిపారేస్తారు. వాళ్లు సినిమా సరిగ్గా చూడలేదు. అది మహా మాంద్యం కాలం. కోలే కంపెనీ బోర్డు కూలీల జీతాలు కోద్దామంటుంది, ఆవిడ ఒప్పుకోదు. ఆ బోర్డు పెద్దే ఏళ్ల తరబడి కంపెనీ సొమ్ము దిగమింగుతున్నాడు. గాస్టన్ మీదికి పోలీసులను పిలుస్తారు, ఆ పెద్దమనిషి జోలికి మాత్రం ఎవరూ పోరు. నవ్విస్తూనే ఆ మాట అనేశాడు లూబిచ్.

ఇప్పుడు హిచ్‌కాక్. 1955 నాటి ‘టు క్యాచ్ ఎ థీఫ్’ అందమైన సినిమా. రాబర్ట్ బర్క్స్ కెమెరాకు ఆస్కార్ న్యాయంగానే వచ్చింది. గ్రేస్ కెల్లీ మెడలో నకిలీ నెక్లెస్, కిటికీ బయట బాణసంచా, ఆ సీనుకు వంక పెట్టలేం. కానీ కేరీ గ్రాంట్ అందులో రిటైరైన దొంగ. సినిమా మొత్తంలో ఒక్క నగ కూడా కొట్టెయ్యడు! దొంగ చేతివాటం చూపించకుండా దొంగ సినిమా ఏమిటి? మన విజయ్ ఆనంద్ ‘జ్యువెల్ థీఫ్’ (1967) నాకు ప్రాణం, అయితే అక్కడ సస్పెన్స్‌దే పైచేయి.

లూబిచ్ సినిమాకు జరిగిన అన్యాయం తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. 1934లో సెన్సార్ నిబంధనలు బిగించారు. ఆ మరుసటేడు పారమౌంట్ మళ్లీ విడుదల చేస్తానంటే అనుమతి ఇవ్వలేదు. దొంగలు శిక్ష లేకుండా కారెక్కి పోవడం నేరమైంది. మూడు దశాబ్దాలకు పైగా జనం దాన్ని చూసే వీలే లేకపోయింది.

ఆ ఖాళీలో ఏం మొలిచిందో ఇప్పుడు చూస్తున్నాం. లేజర్ కిరణాలు, నడుముకు తాళ్లు, కంప్యూటర్ తెర మీద పరుగులు తీసే అంకెలు. వజ్రం చుట్టూ యంత్రాలే తప్ప మనుషులు లేరు. హీరో హీరోయిన్లు ఒకరినొకరు దోచుకోవాల్సిన చోట విదేశీ వీధుల్లో పాట పెడతారు. ఎలా కొట్టేశారో చివర్లో ఫ్లాష్‌బ్యాక్ వేసి ముక్క ముక్కా విప్పి చెబుతారు. ప్రేక్షకుడికి తెలివి లేదనుకునేవాళ్లు ఈ కథల జోలికి రాకూడదు. కోట్లు పోసినా ఆ ఉప్పు సీసా సీనులో పదో వంతు రాదు.

లూబిచ్‌కు తన పని విలువ తెలుసు. శైలి విషయంలో ఇంతకు మించింది గానీ, దీనికి సాటివచ్చేది గానీ తాను తీయలేదని, చనిపోయిన 1947లోనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆయన శిష్యుడు బిల్లీ వైల్డర్, ‘ఇదే లూబిచ్ అయితే ఎలా తీసేవాడు?’ అన్న ప్రశ్నను ఆఫీసు గోడకు తగిలించుకున్నాడు.

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఫిల్మ్ క్లబ్బులు నడిపే మిత్రులకు నాదొక విన్నపం. ఈ ఏడాది మీ జాబితాలో ‘ట్రబుల్ ఇన్ ప్యారడైజ్’ చేర్చండి. నిడివి గంటన్నర కూడా లేదు. దొంగ సినిమా కథ రాసుకుంటున్న కుర్ర దర్శకులెవరైనా మీకు తెలిస్తే, పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి.