సేవ్‌గారి దాయాదులు

కంప్యూటరు తెర పైయంచున కొలువుతీరియుండు మాటలలో మొదటిదైన ఫైలును నొక్కినంతనే జారు మెనూయందు, సేవ్, సేవ్ యాజ్, సేవ్ ఎ కాపీ అను మూడు పంక్తులు కొన్ని ప్రోగ్రాములలో ఒకదాని క్రింద నొకటి కనబడును. చూచుటకు అన్నదమ్ములు, వ్యవహారమునకు దిగినచో దాయాదులు. మొదటిది పాతదానిపైననే క్రొత్తదానిని వ్రాసివేయును; రెండవది వేఱొక పేరున ప్రతిని కల్పించి, ఆ క్షణము నుండి మనలను ఆ క్రొత్త ప్రతిలోనే కూర్చుండబెట్టును; మూడవది ప్రతిని ప్రక్కన దాచి, మనలను పాతదానియందే యుండనిచ్చును. పని ముగిసిన పిదప మన చేతిలో మిగులు ప్రతి యేది యనుటయే అసలు ప్రశ్న కాగా, ఆ పేరులు చెప్పని సంగతి సరిగా అదియే.

గతవారపు వ్యాసమును తెఱచి, పైభాగము నుంచి, తక్కినది తుడిచి, ఆ ఖాళీలోనే క్రొత్తది మొదలిడుట వారము వారము వ్రాయువారికి పరిపాటి. అట్లు వ్రాసి సేవ్ నొక్కినవాని పాతవ్యాసము గతించినచో, అతడు అజాగ్రత్తపరుడని లోకము తీర్పు చెప్పును. నేను మాత్రము పేరు పెట్టినవానినే బోనెక్కింతును. అందుకే పాత ఫైలును రీడ్ ఓన్లీగా, అనగా చదువుటకే తప్ప దిద్దుటకు వీలులేనట్లుగ, నుంచుకొనుట నా యలవాటు. మఱియొక చిన్న యుపకారము మెనూలోనే యున్నది: సేవ్ యాజ్ చివర మూడు చుక్కలుండును, సేవ్ చివర నుండవు. చుక్కలున్నచోట యంత్రము మనల నింకను ఏదో యడిగి కాని పని చేయదు, లేనిచోట సామాన్యముగ అడుగదు. ఇంత విలువైన సంకేతమును ఏ కంప్యూటరు శిక్షణకేంద్రమునందును నేర్పగా నేను వినలేదు.

2011లో వచ్చిన మ్యాక్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టము లయన్‌లో, వ్రాయుచుండగనే యంత్రము తనంత తానే భద్రపఱచుకొనుచుండును గనుక సేవ్ యాజ్‌తో పని లేదని తలచి, ఆపిల్ వారు తమ ప్రోగ్రాములలో దానిని తొలగించి డూప్లికేట్‌ను నిలిపిరి. హేతువు నిర్దుష్టమే, కాని ఏండ్ల తరబడి ఒక మాటకు మరగిన చేతులు హేతువు నాలకింపవు. మఱుసటి యేడు మౌంటెన్ లయన్‌లో సేవ్ యాజ్ తిరిగి వచ్చినది, అదియు ఆప్షన్ మీటను అదిమి పట్టినవారికి మాత్రమే దర్శనమిచ్చునట్లు.

ఆ 2012లోనే బొమ్మలు దిద్దు గింప్ 2.8లో, సేవ్ అనునది ఆ ప్రోగ్రాము సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌కే పరిమితమై, జేపెగ్ కావలసినవారు ఎక్స్‌పోర్ట్ నాశ్రయింపవలసివచ్చెను. ఫోటో అంచు కత్తిరించుకొనుటకై వచ్చినవారికి ఇది విసుగు పుట్టించిన మాట నిజము. అయినను నేను గింప్ పక్షమే. జేపెగ్‌లో పొరలన్నియు కలిసిపోయి మరల విడదీయ శక్యము కానప్పుడు, దానిని భద్రపఱచుట యనుట న్యాయము కాదు. తెఱచినది జేపెగ్ అయినచో, ఆ ఫైలు పేరుతో సహా ఓవర్‌రైట్ అను పంక్తి కూడ అక్కడ కనబడును. వినుటకు కఠినమే, అయినను ఏ ఫైలునకు ఏమి జరుగబోవుచున్నదో ఇంత నిర్మొగమాటముగ చెప్పు పంక్తి ఆ మెనూలో మఱియొకటి నా కంటబడలేదు.