కర్త లేని శీర్షిక: క్లెమెంట్ అట్లీ ఆత్మకథ - ఒక పరిశీలన

ప్రవేశిక:
ఆత్మకథా విమర్శలో నిరాడంబరతను గుణంగా లెక్కించడం పరిపాటి. రచయిత తనను తాను పొగడుకోకపోతే ఆ కథనం నమ్మదగినదని భావిస్తాం. ఈ ప్రమాణం పాలకుల ఆత్మకథలకు ఎంతవరకు వర్తిస్తుంది? బ్రిటన్ ప్రధాని (1945-51) క్లెమెంట్ అట్లీ 1954లో వెలువరించిన ‘యాజ్ ఇట్ హ్యాపెన్డ్’ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

జీవితం - కథన రీతి:
1883లో సంపన్న మధ్యతరగతి కుటుంబంలో జన్మించిన అట్లీ న్యాయశాస్త్రం చదివారు. తూర్పు లండన్‌లోని స్టెప్నీలో పేద బాలుర క్లబ్బులో పనిచేస్తూ సోషలిస్టుగా మారారు. 1922లో పార్లమెంటుకు ఎన్నికై, 1935లో లేబర్ పార్టీ నాయకులయ్యారు. 1948లో ఆరంభమైన జాతీయ ఆరోగ్య సేవ ఆయన ప్రభుత్వ కృషి ఫలితమే. ఇంతటి జీవితాన్ని ఆయన ఒకే సంపుటిలో, ఉద్వేగం లేని పొడి వాక్యాలతో చెప్పి ముగించారు. చర్చిల్ యుద్ధచరిత్ర ఆరు సంపుటాలకు విస్తరించిన కాలమది. దాని పక్కన ఈ మితభాషణ హుందాగా కనిపిస్తుంది.

శీర్షిక - కర్తృత్వం:
ఈ శీర్షికకు ‘జరిగినది జరిగినట్లుగా’ అని అర్థం. ‘అనుకోకుండా’ అనే అర్థచ్ఛాయ కూడా ఉంది. రెండర్థాల్లోనూ కర్త కనిపించడు. అయితే అట్లీ ఏడుగురు సభ్యుల సైమన్ కమిషన్‌లో ఒకరు. 1948 జూన్‌లోగా భారతదేశంలో అధికారాన్ని బదిలీ చేస్తామని 1947 ఫిబ్రవరి 20న ప్రకటించిన ప్రధాని. తరువాత ఆ గడువు 1947 ఆగస్టుకు ముందుకు జరిగింది. విభజన సరిహద్దు రేఖ స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు, ఆగస్టు 17న వెల్లడైంది. ఇల్లూ ఊరూ కోల్పోయిన లక్షలాది మంది దృష్టిలో ఇదంతా ఎవరో తీసుకున్న నిర్ణయం.

1928లో అదే కమిషన్‌కు నిరసనగా మద్రాసులో తుపాకుల ఎదుట రొమ్ము చూపి నిలిచిన టంగుటూరి ప్రకాశం ఆత్మకథ పేరు ‘నా జీవిత యాత్ర’. ‘నా’ అనడంలో కొంత అహం ధ్వనించవచ్చు. జరిగినదానికి బాధ్యత వహించే గొంతు కూడా అందులోనే వినిపిస్తుంది.

ముగింపు:
మితభాషణ వ్యక్తిగా అట్లీకి భూషణమే. పాలకుని కథనంలో అది నిర్ణయం వెనుకనున్న కర్తను మరుగుపరచే వ్యాకరణంగానూ పనిచేయగలదు. కాబట్టి ఆత్మకథను అంచనా వేసేటప్పుడు ‘నేను’ ఎంత ఉందన్నదానితోపాటు, ఉండవలసిన ఏ చోట లేదన్నది కూడా పరిశీలించడం అవసరం.